పాత ముద్రణ యంత్రమును మరల నడపుట

మీరు పెద్దలతో కూడ బ్యాంకునకు పోయినపుడు పాసుపుస్తకమున లెక్కలు అచ్చువేయు చిన్న యంత్రమును చూచియుందురు. గుమాస్తా పుస్తకమును దాని నోటికి అందించును. అది కీచుమని కూయుచు అటునిటు పరుగెత్తి, లెక్క వ్రాసి, పుస్తకమును వెలికి నెట్టును. సిరాను చిమ్మి ముద్రించు యంత్రములు, లేజరు వెలుగుతో ముద్రించు యంత్రములు వచ్చిన తరువాత కూడ, కాగితమును కొట్టి ముద్రించు ఈ జాతి ఇంకను అచ్చటచ్చట మిగిలియున్నది. మేము ఇప్పుడు చెప్పబోవునది ఈ జాతిలో తాతవంటి యంత్రమును గూర్చి. దాని పేరు ఐ.బి.ఎం. 1403. అది పుట్టి అరువదేండ్లు దాటినది. దానిని తయారుచేయుట మాని దశాబ్దములు గడచినవి. అయినను అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమునందలి మౌంటెన్ వ్యూ పట్టణమున నున్న కంప్యూటర్ హిస్టరీ మ్యూజియములో, పదవీవిరమణ చేసిన కొందరు ఇంజనీర్లు దానిని మరల నడిపించిరి. మూలపడిన గణకయంత్రమును లేపుట కష్టమే. కాని దాని ప్రక్కనుండు ప్రింటరును లేపుట అంతకంటె కష్టము. ఎందువలన కష్టమో తెలియవలెనన్న ముందుగా అది ఎట్లు పనిచేయునో తెలిసికొనవలెను.

ఈ ప్రింటరు 1401 అను గణకయంత్రమునకు తోడుగా పుట్టినది. ఐ.బి.ఎం. సంస్థ 1401 యంత్రమును 1959 అక్టోబరు 5వ తేదీన ప్రకటించెను. గాజు వాల్వులకు బదులు దీనియందు ట్రాన్సిస్టర్లు ఉండెను. ఎక్కువమంది దానిని కొనక అద్దెకు తీసికొనిరి. అద్దె నెలకు 2,500 డాలర్లు మొదలు. అయినను మొదటి ఐదు వారములలోనే 5,200 యంత్రములు కావలెనని సంస్థలు కోరినవి. మొత్తముమీద పన్నెండువేలకు పైగా తయారైనవి. దాని జ్ఞాపకశక్తి ఎంత పెంచినను 16,000 అక్షరములకు మించదు. మన పత్రికలోని కొన్ని పుటలతోనే అది నిండిపోవును. అట్టి చిన్న బుద్ధిగల యంత్రమునకు అంత గిరాకి ఏల? వారిలో పలువురు కోరినది 1401ను కాదు, దానివెంట వచ్చు 1403 ప్రింటరును. అంతకు ముందున్న 407 అను లెక్కల యంత్రము నిమిషమునకు 150 పంక్తులు ముద్రించుచుండగా 1403 ప్రింటరు 600 పంక్తులు ముద్రించెను. నెలనెలా లక్షలకొలది రసీదులు, బిల్లులు పంపవలసిన బీమా సంస్థలకు, విద్యుత్ సంస్థలకు ఇంతకంటె కావలసినదేమి? మన దేశమునందును 1401 యంత్రములు పలు సంస్థలలో పనిచేసినవి. 1978లో ఐ.బి.ఎం. మన దేశమునుండి తరలిపోయినది.

ఇక దాని నిర్మాణమును చూతము. టైపు మిషనులో ఒక మీటను నొక్కిన ఒక అక్షరము పడును. మరియొకటి నొక్కిన మరియొకటి పడును. 1403 ప్రింటరునందు అట్లు కాదు. అక్షరపు అచ్చులు 240 ఒక గొలుసుకు బిగించియుండును. ఆ గొలుసు కాగితమునకు ఎదుట అడ్డముగా, ఎడతెగక, సెకనుకు 90 అంగుళముల వేగముతో పరుగెత్తుచుండును. 26 ఇంగ్లీషు పెద్ద అక్షరములు, 10 అంకెలు, 12 గుర్తులు కలిపి 48 అచ్చులు ఒక జట్టు. అట్టి జట్టులు ఐదు వరుసగా గొలుసుపై నుండును. గొలుసునకును కాగితమునకును నడుమ సిరా పట్టించిన వెడల్పైన రిబ్బను ఉండును. కాగితమునకు వెనుక 132 చిన్న సుత్తులు బారుగా నిలిచియుండును. పంక్తిలోని ఒక్కొక్క గడికి ఒక్కొక్క సుత్తి. తన గడిలో పడవలసిన అక్షరము ఎదుటికి వచ్చిన క్షణమున ఒక విద్యుదయస్కాంతము సుత్తిని తోయును. సుత్తి కాగితమును వెనుకనుండి కొట్టి రిబ్బనుకును అక్షరమునకును అదిమి, తక్షణమే వెనుకకు తిరిగిపోవును. గొలుసు మాత్రము ఆగదు. కదలిపోవు రైలు కిటికీలో నున్న వానికి అన్నపు క్యారియరు అందించుట ఎట్టిదో ఇది అట్టిది; ఇచ్చట ఆ పని సెకనుకు వెయ్యికి పైగా సారులు జరుగవలెను.

ఇప్పుడు కొంచెము లెక్క చేయుదము. గొలుసుమీది అచ్చుల నడుమ ఎడము 0.1505 అంగుళము, సుత్తుల నడుమ ఎడము 0.1 అంగుళము. కనుక 48 అచ్చులుగల జట్టు ఒకటి దాటిపోవుటకు 48 × 0.1505 ÷ 90, అనగా సుమారు 0.08 సెకను పట్టును. ఈ కాలములో ప్రతి గడి ఎదుటికిని ప్రతి అక్షరము ఒకసారి వచ్చును. అంతతో పంక్తి పూర్తి. కాగితము ఒక పంక్తి పైకి జరుగుటకు మరి 0.02 సెకను. మొత్తము 0.1 సెకను. సెకనుకు పది పంక్తులు, నిమిషమునకు ఆరువందలు. మీరే గుణించి చూచుకొనవచ్చును. ఇందు ఒక చమత్కారము కలదు. అచ్చుల ఎడము సరిగా 0.15 అంగుళముగా నుండినచో ప్రతి మూడవ సుత్తికిని ఎదుట ఒక అచ్చు ఏకకాలమున సరిపడి, 44 సుత్తులు ఒక్కసారిగా కొట్టవలసివచ్చును. ఒక్క పెట్టున అంత విద్యుత్తు కావలెను. ఆ 0.0005 అంగుళపు తేడావలన సుత్తులు ఒకదాని తరువాత ఒకటిగా, 11 మైక్రోసెకనుల ఎడముతో, అక్షరములకు సరిపడును. ఒక మైక్రోసెకను అనగా సెకనులో పదిలక్షవ వంతు. మనము ఎడమనుండి కుడికి వ్రాయుదుము గదా! 1403 ఆ క్రమమును పాటింపదు. నడుమ ఒక అక్షరము, చివర ఒక అక్షరము, మొదట ఒక అక్షరము, ఇట్లు చిమ్మినట్లు పడుచు పడుచు పదవ వంతు సెకనులో పంక్తి నిండును.

ఈ యంత్రపు అచ్చు చూచుటకు అందముగా నుండుటకు కూడ గొలుసే కారణము. ఆ కాలపు ఇతర ప్రింటర్లు కొన్నిటిలో అక్షరములు పీపావలె దొర్లు డోలుపై నుండెడివి. అచ్చట సుత్తి కొంచెము ఆలస్యమైనచో అక్షరము పైకో క్రిందికో తొలగును. పంక్తి అలవలె కనబడును. గొలుసు ప్రింటరులో ఆలస్యమైన అక్షరము ప్రక్కకు మాత్రమే తొలగును. మన కంటికి పంక్తి ఎగుడుదిగుడుగా నుండినచో వెంటనే తెలియును. అక్షరముల నడుమ ఎడము వెంట్రుకవాసి హెచ్చుతగ్గులైనచో తెలియదు. మీ కాపీ పుస్తకమున గీతమీద కుదురుగా వ్రాసిన అక్షరములు ముద్దుగా కనబడుట కూడ ఇందువలననే.

కంప్యూటర్ హిస్టరీ మ్యూజియమునకు చేరిన 1401 యంత్రములు రెండు. మొదటిది జర్మనీలోని హామ్ పట్టణమునుండి 2004లో వచ్చినది. రెండవది అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమునుండి 2008లో వచ్చినది. జర్మనీ విద్యుత్తు, మన విద్యుత్తు వలెనే, సెకనుకు 50 ఆవృత్తులు గలది; అమెరికా విద్యుత్తు 60 ఆవృత్తులు గలది. అందువలన జర్మనీ యంత్రమునకు దాని పుట్టింటి విద్యుత్తును ప్రత్యేకముగా తయారుచేసి ఇయ్యవలసివచ్చెను.

ఇట్టి యంత్రము చేతికి వచ్చినపుడు మొదట చేయవలసినది ఏది? మా తరగతిలో ఈ ప్రశ్న అడుగగా "స్విచ్చి వేసి చూడవలెను" అని అందరును ఒక్క గొంతుతో పలికిరి. అదియే చేయరానిది. ఏండ్లతరబడి ఊరకుండిన విద్యుత్ సామగ్రిలో కెపాసిటర్లు తమ గుణమును కోల్పోయియుండును. వానికి ఒక్కసారిగా పూర్తి విద్యుత్తు తగిలిన అవి పగిలిపోవుటయే గాక తమతోకూడ ట్రాన్సిస్టర్లను చెఱచును. లంఖణములు చేసిన రోగికి పథ్యము పెట్టినట్లు, వానికి విద్యుత్తును కొద్దికొద్దిగా హెచ్చించుచు అలవాటు చేయవలెను. చెడినవానిని మార్చవలెను. గణకయంత్రపు పని ఇంచుమించు ఇంతే: ఏ పలకలో ఏ ట్రాన్సిస్టరు చెడినదో వెదకుట, మార్చుట. అది నెలలు పట్టవచ్చును గాని, కొలత పరికరము చేతనుండగా దారి కనబడును.

ప్రింటరు విషయము వేరు. దానిలో కదలునవి అనేకము. కదలునది అరుగును, కదలనిది పట్టివేయును. గ్రీజు ఏండ్లు గడచుకొలది గట్టిపడి బంకగా మారును. రబ్బరు పట్టీలు, రబ్బరు చక్రములు కొన్ని బీటలు వాఱును, కొన్ని కరగి జిగురుముద్ద యగును. సిరాయు, కాగితపు నూగును కలిసి అచ్చుల సందులలో పేరుకొని, గొలుసు లింకులు వంగక మొరాయించును. 132 సుత్తులలో ప్రతిదానిని వ్రేలితో కదల్చి చూడవలెను. ఒక్కటి బిగిసినను ఆ గడి ఆసాంతము ఖాళీగా నుండును. దానికంటె అపాయకరమైనది వేఱొకటి. సుత్తిని తోయు విద్యుదయస్కాంతపు తీగచుట్ట క్షణకాలపు విద్యుత్తుకు మాత్రమే ఓర్చునట్లు చేసినది. దానిని నడపు ట్రాన్సిస్టరు చెడి విద్యుత్తును ఆపలేకపోయినచో తీగచుట్ట కాలిపోవును. కనుక ఒక సుత్తి పనిచేయనపుడు "తీగచుట్ట పోయినది" అని మరియొకటి బిగించి ఊరకుండినచో అదియు కాలిపోవును. జబ్బునకు మూలమెచ్చటనో చూడవలెను.

కాగితమును జరుపు భాగము మరియొక ప్రపంచము. పుటలు దాటవలసివచ్చినపుడు కాగితము సెకనుకు 75 అంగుళముల వేగముతో ఎగురును, అంతలోనే ఠక్కున ఆగును. దీనికై నూనె ఒత్తిడిచే నడచు మోటారు అమర్చిరి. నూనె యున్నచోట కారుటయు నుండును. ఏ పంక్తియొద్ద ఆగవలెనో చెప్పునది ఒక కాగితపు పట్టీ. రెండు కొనలు అంటించి దండవలె చేసిన ఆ పట్టీపై 12 వరుసలలో రంధ్రములు కొట్టుదురు. మొదటి వరుసలోని రంధ్రము క్రొత్తపుట తలభాగమునకు గుర్తు. వేల డాలర్ల యంత్రమునకు దారిచూపునది ఈ కాగితపు ముక్కయే! తరువాత వచ్చిన వేగవంతమైన నమూనాలో ఇంకొక వింత కలదు. కాగితము అయిపోయిన దాని మూత తనంతట తానే పైకి లేచును. దానిమీద కాఫీ కప్పు పెట్టినవాని గతి ఏమయ్యెనో మీరే ఊహింపుడు.

అన్నియు కుదిరిన తరువాత సుత్తుల కాలమును సరిచూడవలెను. దీనికి ఒకే అక్షరమును 132 గడులలోను ముద్రించి చూచుట సులువైన మార్గము. ఒక సుత్తి 100 మైక్రోసెకనులు ఆలస్యమైనచో అంతలో గొలుసు 0.009 అంగుళము, అనగా సుమారు పావు మిల్లీమీటరు, జరిగిపోవును. పంక్తిలో ఆ అక్షరము ఇరుగుపొరుగులకంటె ప్రక్కకు తొలగి, ఒక అంచు తేలిపోయి కనబడును. స్క్రూను సన్నగా త్రిప్పి మరల ముద్రింపవలెను. ఓపిక యున్నవానికే ఈ పని.

ఇచ్చట ఒక వివాదము కలదు. పాత వస్తువును నడపవలెనా, లేక తాకక భద్రపరుపవలెనా? నడిపిన అరుగును, విరిగిన భాగమునకు బదులు క్రొత్తది పెట్టిన, నాటి యంత్రము కొంత నేటి యంత్రమగును. అందువలన కొన్ని ప్రదర్శనశాలలు యంత్రమును అద్దాలలో నుంచి తాళము వేయును. ఈ వాదము కొట్టివేయదగినది కాదు. కాని నడవని 1403 ప్రింటరును చూచువాడు ఏమి గ్రహించును? ఇనుప బీరువావంటి దొకటి నిలిచియున్నదని తప్ప? గొలుసు రొద వినవలెను, కాగితము ఎగురుట చూడవలెను, అప్పుడుగదా ఆరువందల పంక్తులనగా ఎట్టిదో తెలియునది. తీసివేసిన పాతభాగమును పారవేయక, చీటి అంటించి దాచి, ఏది మార్చిరో వ్రాసియుంచుచు నడపుట మేలని మా అభిప్రాయము. అయితే నడపుటకును హద్దు కలదు. సుత్తులను ఒక లయలో కొట్టించి ప్రింటరుచే పాటలు పలికించుట ఆ కాలపు వారికి ఒక వేడుక. నేడు అట్లు చేయుటకు జంకవలెను. ఓర్వరాని దెబ్బలకు గొలుసు తెగినచో మరియొకటి అంగడిలో దొరకదు.

ఇంతకంటె దొరకనిది మరియొకటి కలదు. అది పని తెలిసిన చేయి. ఈ యంత్రముల పటములు, బాగుచేయు విధమును తెలుపు పుస్తకములు చాలవరకు నిలిచియున్నవి. వానిలో ప్రతి స్క్రూకును కొలత వ్రాసియున్నది. అయినను గొలుసు రొదలో కొంచెము తేడా వినబడగానే "ఇది ఎండిన రొద, నూనె కావలెను" అని చెప్పుట పుస్తకమునుండి రాదు. మౌంటెన్ వ్యూలో ఈ పనికి పూనుకొనిన వారిలో పలువురు 1960 ప్రాంతములలో ఊరూర తిరిగి ఈ యంత్రములనే బాగుచేసిన ఇంజనీర్లు. యౌవనమున జీతమునకు చేసిన పనిని వార్ధక్యమున జీతము లేకయే చేసిరి. 1401 ప్రదర్శనశాల 2013లో తెఱచునప్పటికే వారు వృద్ధులు. కనుక వారి ప్రక్కన చిన్నవారు కూడ చేరి, చూచి, అడిగి, నేర్చుకొనుచు వచ్చిరి.

మేమును ఒక చిన్న ప్రయత్నము చేసితిమి. దానిని చెప్పుటకు కొంచెము సిగ్గుగా నున్నను చెప్పెదము. మా బడి గదిలో ఏండ్లతరబడి దుమ్ముతో పడియున్న తొమ్మిది సూదుల ప్రింటరు నొకదానిని తెఱచితిమి. తల జరుగు కడ్డీ బిగిసియుండుటచే దానిపై నూనె ధారాళముగా పోసితిమి. రెండు దినములు హాయిగా నడచినది. మూడవ దినమునకు ఆ నూనెకు సుద్దదుమ్ము అంటుకొని మునుపటికంటె గట్టిగా బిగిసినది. తుడిచి, శుభ్రపరచి, చుక్క నూనె మాత్రమే గుడ్డతో పట్టించిన తరువాత కుదుటపడినది. అంతటితో కష్టము తీరలేదు. తెలుగు పుట నొకటి ముద్రించి చూడగా ప్రతి వరుసలోను సన్నని తెల్లగీత కనబడెను. సూది యొకటి ఎండిన సిరాతో పట్టివేసినది. ఆ గీత ఒకచోట తలకట్టును కోసివేసెను, మరియొకచోట వత్తును మ్రింగివేసెను. "అన్నము" అను మాటలో నకారపు వత్తు సగమే మిగిలినది. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె దానిని "అనము" అని చదివి అందరిని నవ్వించినది. తలను స్పిరిటులో తడిపిన గుడ్డపై నుంచి, మరల మరల తుడువగా నాల్గవ నాటికి సూది కదలెను.

ఆ బాలికయే మమ్ము ఇట్లు అడిగినది: "అయ్యా, ఆ పెద్ద ప్రింటరుపై తెలుగు అచ్చగునా?" కాదు. గొలుసుపై నున్నవి 48 అచ్చులు మాత్రమే. ఇంగ్లీషు చిన్న అక్షరములకే అందు చోటు లేదు. మన అచ్చులు, హల్లులు, గుణింతములు, వత్తులు అన్నియు చేర్చిన గొలుసు ఎంత పొడవు కావలెను? జట్టు పొడవు పెరిగినకొలది పంక్తికి పట్టు కాలమును పెరుగును. 48కి బదులు 480 అచ్చులైనచో నిమిషమునకు సుమారు డెబ్బదిమూడు పంక్తులు మాత్రమే వచ్చును. చుక్కలతో అక్షరమును గీయు సూదుల ప్రింటరు వచ్చిన తరువాతనే ఈ చిక్కు విడినది. సూదికి భాష లేదు. చుక్క ఎచ్చట పెట్టుమనిన అచ్చట పెట్టును. అందుచేత మన బడిలోని ఆ చిన్న యంత్రము, తాత చేయలేని పనిని చేయుచున్నది.

అయినను తాత బొత్తిగా చేయలేడని చెప్పుటకు వీలులేదు. 1401 ప్రదర్శనశాలలో సందర్శకులు తమ పేరును కార్డుపై రంధ్రములుగా కొట్టి ఇయ్యగా, ప్రింటరు దానిని చిన్న గుర్తులతో పేర్చిన పెద్ద అక్షరములుగా ముద్రించి చూపినది. గొలుసుపై నక్షత్రపు గుర్తు కూడ ఉన్నది. నక్షత్రములను తగినచోట్ల పేర్చినచో పెద్ద "అ" కూడ రాదా? లెక్కల పుస్తకపు గడులకాగితమును తీసికొని, అడ్డముగా 132 గడులకు మించకుండ, మీ పేరులోని మొదటి అక్షరమును నక్షత్రములతో నింపి పంపుడు. తలకట్టు వంపు ఎట్లు తెచ్చితిరో, వత్తునకు ఎన్ని గడులు ఇచ్చితిరో వ్రాయుడు. ఒక్క సంగతి గుర్తుంచుకొనుడు. ప్రింటరు గడి చదరము కాదు. దాని వెడల్పు అంగుళములో పదవ వంతు, ఎత్తు ఆఱవ వంతు. చదరపు గడులలో గుండ్రముగా గీసిన "ఠ" ఆ ప్రింటరుపై కోడిగ్రుడ్డువలె నిలువుగా సాగిపోవును. కావున కాగితముపై ముందుగానే దానిని అడ్డముగా సాగదీసి గీయవలెను. ఎంత సాగదీయవలెనో లెక్కకట్టుడు.